పడుకోబెట్టిన సేఫ్, కదలని పెట్టె: ఒకే ఇంట్లో రెండు తుపాకీ సేఫ్‌ల కేస్ స్టడీ

దొంగతనం జరిగిన ఆ ఇంటికి నేను వెళ్లేసరికి పోలీసులు వేలిముద్రలు తీసుకుని వెళ్లిపోయారు. బీమా వాళ్లు నన్ను తేల్చమన్నది ఒక్కటే: సేఫ్‌ను పగలగొట్టి తెరిచారా, కోడ్ తెలిసి తెరిచారా? సేఫ్‌లు, తాళాలు రిపేరు చేసేవాణ్ణి కాబట్టి ఇలాంటి పనులు నాకు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పది నిమిషాలు చాలు. తలుపు పై మూల అరటాకులా వంగిపోయి ఉంటే కోడ్ తెలిసిన పని కాదని ఎవరికైనా అర్థమవుతుంది. కానీ అదే ఇంట్లో మెట్ల కింద ఇంకో సేఫ్ ఉంది. దాని మీదా అదే రాత్రి, అదే పనిముట్లతో ప్రయత్నించారు. అది తెరుచుకోలేదు. ఒకే దొంగలకు రెండు సేఫ్‌లు ఎలా నిలిచాయో పక్కపక్కన పోల్చి చూసే అవకాశం నా వృత్తిలో అరుదు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. యజమాని అనుమతి తీసుకున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలేవీ రాయడం లేదు.

ఇంట్లో వాళ్లు నాలుగు రోజులు ఊళ్లో లేరు. దొంగలు గ్యారేజీ లోంచి వచ్చారు. ముందు తలుపుకీ, వెనక తలుపుకీ అలారం సెన్సార్లు ఉన్నాయి, గ్యారేజీ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి లేదు. హాల్లో మనిషి కదలికను పట్టే సెన్సార్ ఉంది కానీ, పిల్లి తిరిగినప్పుడల్లా మోగుతోందని ఏడాది కిందటే ఆపేశారు. పక్కింటి కెమెరాలో ఒక బండి వచ్చి, తిరిగి వెళ్లిపోవడం కనిపించింది. మధ్యలో 38 నిమిషాలు. ఇల్లంతా సోదా చెయ్యడం, రెండు సేఫ్‌లతో కుస్తీ, సామాన్లు బండికెక్కించడం, అన్నీ ఆ 38 నిమిషాల్లోనే. అంటే పెద్ద సేఫ్ మీద అసలు పని పది, పదిహేను నిమిషాలకు మించి ఉండదు.

పెద్ద సేఫ్

ఎత్తు 150 సెంటీమీటర్లు, వెడల్పు 70, లోతు 60. ఖాళీగా 290 కిలోలు అని లోపలి స్టిక్కర్ మీద ఉంది. అందులో నాలుగు రైఫిళ్లు, రెండు షాట్‌గన్‌లు ఉండేవి. తలుపుకి పది గడియలు, ఒక్కొక్కటి బొటనవేలి కంటే లావు. ఎలక్ట్రానిక్ కీప్యాడ్. తలుపు లోపలి అంచు మీద ఆర్‌ఎస్‌సీ అనే భద్రతా పరీక్ష లేబుల్. చూడ్డానికి బ్యాంకు తలుపులా ఉంటుంది, దీన్ని అమ్మేది కూడా ఆ చూపు మీదే.

నేను చూసేసరికి అది గది మధ్యలో వెల్లకిలా పడి ఉంది. కింద రెండు దుప్పట్లు పరిచారు. చప్పుడు కాకుండా ఉండాలని కాబోలు. అది అసలు ఉన్న చోట టైల్స్ మీద నాలుగు మూలల ముద్రలు, అక్కడి నుంచి గది మధ్య దాకా వంకరటింకరగా గీతలు కనిపించాయి. బీరువాని ఒక మూల మీద వాలించి, అటో అడుగు ఇటో అడుగు వేయిస్తూ జరుపుతామే, దీన్నీ అలాగే నడిపించారు. అడుగున, నేలకి బిగించే యాంకర్ బోల్టుల కోసం కంపెనీ ఇచ్చిన నాలుగు రంధ్రాల్లో నాలుగు రబ్బరు బిరడాలు కొత్తవి కొత్తవిలాగే ఉన్నాయి.

ఇంత బరువుని ఎవరూ కదపలేరని చాలామందికి ఉన్న నమ్మకాన్ని ఇక్కడ లెక్కేసి చూడాలి. వస్తువులతో కలిపి 320 కిలోలు అనుకుందాం. లోతు 60 కాబట్టి బరువు కేంద్రం అంచు నుంచి దాదాపు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 150 సెంటీమీటర్ల ఎత్తున చెయ్యి పెట్టి తోస్తే, దాన్ని అంచు మీదికి లేపడానికి కావలసిన బలం 320 × 30 ÷ 150, అంటే 64 కిలోలు. తలుపు బరువు ముందువైపు ఉంటుంది కాబట్టి వెనక్కి తోయడానికి ఇంకొంచెం ఎక్కువ కావాలి, ముందుకి లాగడానికి ఇంకా తక్కువ చాలు. ఒక మనిషి గట్టిగా తోస్తే సరిపోయేంత. ఇక ఇద్దరుంటే చెప్పేదేముంది. బరువు ఎత్తుకుపోవడానికి అడ్డం గానీ, పడగొట్టడానికి కాదు.

ఆ 290 కిలోలూ ఉక్కేనా అంటే అదీ కాదు. దీని ఒళ్లంతా 12 గేజ్ రేకు, అంటే సుమారు 2.7 మిల్లీమీటర్ల మందం. ఆ మందం రేకు చదరపు మీటరుకి 21 కిలోలు తూగుతుంది. ఈ కొలతల పెట్టెకి తలుపుతో కలిపి దాదాపు 4.7 చదరపు మీటర్ల రేకు కావాలి. అంటే ఉక్కు 100 కిలోలు. గడియలు, వాటి చట్రం, తాళం కలిపి ఓ 35. మిగిలిన 150 చిల్లర కిలోలు జిప్సం బోర్డు, ఇళ్లల్లో ఫాల్స్ సీలింగ్‌కి వాడేదే. నిప్పు నుంచి కాపాడ్డానికి అది మంచిదే. జిప్సంలో బరువులో ఐదో వంతు నీరు రసాయనికంగా బంధించి ఉంటుంది, వేడికి ఆ నీరు ఆవిరవుతూ లోపలి ఉష్ణోగ్రతను కాసేపు పట్టి ఉంచుతుంది. కానీ దొంగ ముందు దానికి అట్టముక్కకున్న విలువే. షాపులో తట్టి చూసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడు సగం దీనిదే.

తలుపు ఎలా తెరుచుకుందో గుర్తులే చెప్పాయి. పడుకోబెట్టాక తలుపు ఆకాశం వైపు తిరిగింది. బందులు లేని వైపు పై మూల దగ్గర చౌకట్టుకీ తలుపుకీ మధ్య మొదటి గాటు. అక్కడి నుంచి కిందికి వరసగా ఐదు గాట్లు, ఒక్కోటి ముందుదానికంటే వెడల్పు. గడియలు ఒక్కటీ విరగలేదు, వంగనూ లేదు. పదీ నున్నగా మెరుస్తున్నాయి. వంగింది ఆ గడియలు ఆనుకునే చౌకట్టు రేకు, గడియల్ని మోసే లోపలి చట్రం. అంటే గడియ ఎంత లావున్నా, దాన్ని పట్టుకున్నది 2.7 మిల్లీమీటర్ల రేకే. బ్రోచర్లో గడియల సంఖ్య, వ్యాసం పెద్దక్షరాల్లో వేస్తారు. చౌకట్టు మందం మాత్రం వెతికినా దొరకదు. సేఫ్ చూపించమని ఎవరైనా అడిగితే నేను మొదట గడియల్ని చూడను, తలుపు తెరిచి చౌకట్టు మడతను వేళ్లతో పట్టుకుని చూస్తాను.

కీప్యాడ్ మీద కూడా కాసేపు ప్రయత్నించినట్టున్నారు. బటన్ల మీద గ్లవ్స్ మరకలున్నాయి. తాళం చెక్కుచెదరలేదు. ఈ తరహా దొంగతనాల్లో తాళాన్ని ఓడించడం నేను చూసింది చాలా తక్కువ. తాళం కోడ్ ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే మాత్రం అది వేరే కథ. ఇక్కడ టేబుల్ సొరుగులన్నీ నేల మీద బోర్లించి ఉన్నాయి. నగలకోసమైతే సొరుగు అడుగుభాగం తిప్పి చూడరు. కోడ్ రాసిన కాగితం అతికించారేమోనని చూశారు.

లేబుల్ చెప్పేది ఏమిటి, చెప్పనిది ఏమిటి

యజమాని కోపమంతా ఆ లేబుల్ మీదే. "టెస్ట్ చేసిందని కొన్నాను కదండీ, ఇదా టెస్ట్?" అన్నారు. లేబుల్ అబద్ధం చెప్పలేదని ఆయనకి నచ్చజెప్పడానికి అరగంట పట్టింది.

ఆర్‌ఎస్‌సీ (రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటెయినర్) అంటే యూఎల్ అనే అమెరికా పరీక్షల సంస్థ తన యూఎల్ 1037 ప్రమాణం కింద ఇళ్లకోసం పెట్టిన వర్గం. మొదటి స్థాయి పరీక్షలో ఒక మనిషి, చేతి పనిముట్లతో, 5 నిమిషాల పాటు తలుపు తెరవడానికి ప్రయత్నిస్తాడు. ప్రై బార్ (సందులో దూర్చి పెళ్లగించే ఇనుప కడ్డీ), చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్ లాంటివి. బార్ పొడవు 18 అంగుళాలకు, అంటే 46 సెంటీమీటర్లకు మించదు. ఆ 5 నిమిషాలూ పనిముట్టు సేఫ్‌ని తాకుతున్నంత సేపే లెక్క. పనిముట్టు మార్చుకునేటప్పుడు, ఊపిరి పీల్చుకునేటప్పుడు గడియారం ఆగుతుంది. కాబట్టి 5 నిమిషాలు అన్నది చూడ్డానికి కనిపించినంత చిన్న మాట కాదు. 2016లో దీనికే రెండో, మూడో స్థాయిలు చేర్చారు. వాటిలో ఇద్దరు మనుషులు, 10 నిమిషాలు, ఇంకా గట్టి పనిముట్లు.

ఈ ఇంట్లో దొంగలు వాడింది తోటపనికి ఉంచుకున్న గడ్డపార. గ్యారేజీలో గోడకి ఆనించి ఉన్నది, యజమానిదే. పొడవు ఒకటిన్నర మీటరు. మీట కొన నుంచి ఆనిక, అంటే మీట ఆని తిరిగే చోటు, 3 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 46 సెంటీమీటర్ల బార్ మీద 40 కిలోల బలం పెడితే తలుపు అంచు దగ్గర పనిచేసేది దాదాపు 570 కిలోలు. అదే 40 కిలోలు గడ్డపార మీద పెడితే 1,950 దాటుతుంది. అది కూడా ఒక్క మనిషి చేతి బలం లెక్కే. పడుకున్న సేఫ్ మీదైతే ఇద్దరు మనుషులు తమ ఒంటి బరువంతా దాని మీద వేయొచ్చు. నిలబడి ఉన్న సేఫ్‌ని గుంజితే అది ఊగి, ఆ బలంలో కొంత మింగేస్తుంది. నేల మీద పడుకున్నదానికి ఊగే దారే లేదు, పెట్టిన బలమంతా చౌకట్టు మీదికే వెళుతుంది. అంటే పరీక్షలో లేని పనిముట్టుతో, పరీక్షలో లేని బలంతో దాని మీద దాడి జరిగింది. లేబుల్ తన మాట మీదే నిలబడింది, దొంగలే ఆ పరీక్ష నియమాలు చదవలేదు.

ఇదే సంస్థ యూఎల్ 687 కింద ఇచ్చే టీఎల్-15, టీఎల్-30 గుర్తులు వేరే తరగతి. వాటిలో 15 లేదా 30 నిమిషాల నికర సమయం, డ్రిల్లులు, గ్రైండర్ల లాంటి కరెంటు పనిముట్లతో సహా. అక్కడా ఒక మెలిక ఉంది: మామూలు టీఎల్ గుర్తు తలుపుకీ, ముందు భాగానికీ మాత్రమే. ఆరు వైపులా పరీక్షించినదైతే చివర ఎక్స్-6 అని ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1143-1 దారి వేరు. అక్కడ ఏ వైపు నుంచైనా దాడి చేస్తారు, పట్టిన సమయాన్ని వాడిన పనిముట్టు తీవ్రతతో కలిపి రెసిస్టెన్స్ యూనిట్లుగా లెక్కిస్తారు. గ్రేడ్ 1 అంటే చెయ్యి పట్టేంత కన్నానికి 30 యూనిట్లు, పూర్తిగా తెరవడానికి 50. ఇంకా తేలికైన క్యాబినెట్లకి ఈఎన్ 14450 ఉంది, అందులో ఎస్1, ఎస్2 అని రెండు స్థాయిలు. జర్మనీలో 2017 జులై నుంచి తుపాకులకి కొత్తగా కొనే క్యాబినెట్ కనీసం ఈఎన్ 1143-1 గ్రేడ్ 0 అయి ఉండాలని చట్టం చేశారు. పాత తేలిక రేకు పెట్టెలు ఇక చాలవని ఒక ప్రభుత్వం అనుకుందంటే, నా లాంటివాళ్లు రోజూ చూసేదే వాళ్లూ చూసి ఉంటారు.

నిప్పు రేటింగ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. తలుపు మీద ఇన్ని నిమిషాలు అని రాసి ఉన్నది మంటకి సంబంధించిన అంకె, దొంగకి సంబంధించింది కాదు. ఈ రెండూ కలిపి చదువుకుని మోసపోయిన వాళ్లు నాకు లెక్కలేనంత మంది తగిలారు.

మెట్ల కింద చిన్నది

60 సెంటీమీటర్ల ఎత్తు, 45 వెడల్పు, 40 లోతు. 6 మిల్లీమీటర్ల ప్లేటుతో చేసిన మామూలు పెట్టె, 80 కిలోలు ఉంటుందేమో. జిప్సం లేదు, కీప్యాడ్ లేదు, పెయింట్ కూడా అక్కడక్కడా లేచిపోయింది. పాత ఇంట్లోంచి తెచ్చుకున్నారట. అందులో రెండు పిస్టళ్లు, కొన్ని కాగితాలు. తూటాలు ఇంకో చోట విడిగా పెట్టారు. తాళంచెవి యజమాని జేబులోనే ప్రయాణం చేసింది.

దీన్ని అప్పట్లో పని చేసిన మేస్త్రీ ఎవరో గానీ, చెయ్యాల్సినట్టే చేశాడు. నేలకి రెండు, వెనక గోడకి రెండు 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు, కాంక్రీటులోకి దిగేలా. మెట్ల కింద ఇరుకు గూట్లో పెట్టడం వల్ల రెండు పక్కలా రెండేసి వేళ్ల సందు తప్ప చోటు లేదు. నెత్తి మీద మెట్ల వాలు. ఆ గడ్డపార గూట్లోకి దూరుతుంది, కానీ తిప్పడానికి చోటేదీ? దూర్చిన మరుక్షణం దాని రెండో కొన మెట్ల అడుగుకి తగిలేది. తగిలిన గుర్తులు మెట్ల సున్నం మీద ఉన్నాయి. తలుపు అంచున పదకొండు గాట్లు లెక్కపెట్టాను. అన్నీ పెయింటు లోతే. ఒక్కచోట మాత్రం సందు రెండు మిల్లీమీటర్లు పెరిగింది. తాళం వేసి తీసి చూశాను, కాస్త బిగుతుగా తిరిగింది, అంతే.

ఇక్కడ ఒక అపోహకు తావివ్వకూడదు. ఆ చిన్న పెట్టె గొప్పది కాదు. గ్రైండర్ ఉంటే అదీ నిలబడేది కాదు, కాస్త ఎక్కువసేపు పట్టేది. దొంగల చేతిలో ఉన్న పనిముట్టుకి, ఆ గూట్లో దొరికిన చోటుకి, మిగిలిన టైముకి అది సరిపోయింది.

పక్కకి కన్నం

పెద్ద సేఫ్‌ని బీమా వాళ్లు వదిలేశాక, పారేసే బదులు నాకివ్వమని అడిగి వర్క్‌షాప్‌కి తెచ్చుకున్నాను. ఒక అనుమానం తీర్చుకోవాలి: తలుపు దగ్గర ఇంత కష్టపడకుండా పక్కనుంచి వస్తే? బ్యాటరీ గ్రైండర్, 125 మిల్లీమీటర్ల కటింగ్ డిస్క్ తీసుకున్నాను. చెయ్యి, ఆ పైన రైఫిల్ పట్టేంత చతురస్రం కొయ్యడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక డిస్క్ అరిగింది, వర్క్‌షాప్ అంతా జిప్సం పొడి. గోడకి కన్నం వేసే కాలం పోయిందనుకుంటాం గానీ, ఇదీ కన్నమే, ఇటుక బదులు రేకు.

మరి దొంగలు గ్రైండర్ ఎందుకు వాడలేదు? అది కూడా అదే గ్యారేజీలో షెల్ఫ్ మీద, ఛార్జింగ్ చేసిన బ్యాటరీతో సహా ఉంది. చప్పుడుకి భయపడ్డారో, కంటపడలేదో. యజమానికి ఆ మాట చెబితే ఆయన ముఖం మారిపోయింది. తన సేఫ్‌ని తెరవడానికి కావలసిన పనిముట్లన్నీ తనే కొని, తాళం లేని గదిలో వరసగా పెట్టుకున్నాడు.

సేఫ్ లోంచి పోయిన ఆరు తుపాకుల్లో నాలుగింటికి సీరియల్ నంబర్లు వెంటనే ఇవ్వలేకపోయారు. కొన్న రసీదులు, లైసెన్సు కాగితాల కాపీలు ఒక కవర్లో పెట్టి అదే సేఫ్‌లో దాచారు. కవరూ పోయింది. మిగతా రెండింటివి పాత ఫోన్‌లో ఎప్పుడో సరదాకి తీసిన ఫొటోల్లో, పెద్దది చేసి చూస్తే కనబడ్డాయి. పోయిన తుపాకీ ఇంకో నేరంలో దొరికితే, అది ఈ ఇంటిదని చెప్పేది ఆ నంబరే.

నా తప్పు

ఇది రాయకుండా ఉండలేను. ఈ దొంగతనానికి 14 నెలల ముందు అదే సేఫ్‌కి కీప్యాడ్ మార్చింది నేనే. అప్పుడే ఆ నాలుగు రబ్బరు బిరడాలు చూశాను. "నేలకి బిగిస్తే బాగుంటుందండీ" అన్నాను. "ఇంత బరువుని ఎవరు కదుపుతారండీ? మొన్ననే టైల్స్ వేయించాం, వాటికి చిల్లులు పెట్టమంటారా?" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. బిల్లు మీద కీప్యాడ్, పని కూలీ తప్ప ఇంకేమీ రాయలేదు. ఇప్పుడు వేసిన 64 కిలోల లెక్క అప్పుడు ఆయన ముందు కాగితం మీద వేసి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. ఆయన ఆ సంగతి మర్చిపోయారు, నాకైతే ఆ గదిలో అడుగుపెట్టగానే గుర్తొచ్చింది.

మళ్లీ కట్టింది

ఆయన మొదట అడిగింది ఇంతకంటే పెద్దది, ఇంకా ఎక్కువ గడియలున్నది. చాలా మాట్లాడుకున్నాక ఈఎన్ 1143-1 గ్రేడ్ 1 సర్టిఫికెట్ ఉన్నదానికి ఒప్పుకున్నారు. ఎత్తు తక్కువ, తుపాకులు రెండు తక్కువ పడతాయి, అందం అంతంతమాత్రం. పోయిన దాని డబ్బులతో ఇంకా పెద్ద రేకు పెట్టె వచ్చేదని ఇంట్లో వాళ్లు ఒకటి రెండు సార్లు అన్నారు. వాళ్లకి ఆ తేడా అర్థమయ్యేలా చెప్పడంలో నేను పూర్తిగా నెగ్గలేదు.

చోటు మార్చాం. గది మూల, తలుపు తెరుచుకునే వైపు అంచు గోడకి ఆనేలా. బందులు బయటి వైపుకి వచ్చాయి, అవి కనబడుతున్నాయని యజమాని టెన్షన్ పడ్డారు. బందు కోసేసినా, తలుపు ఆ వైపున కూడా లోపల గడియలతో చౌకట్టులో ఇరుక్కునే ఉంటుంది. గడ్డపార పెట్టాల్సిన వైపు గోడ ఉంటే మీట తిప్పడానికి చోటుండదు, మెట్ల కింద పెట్టెని కాపాడింది అదే. నేలలోకి నాలుగు యాంకర్లు. సేఫ్ లోపల అదురు పసిగట్టే సెన్సార్ ఒకటి, దాని సంకేతం ఫోన్‌కి. గ్యారేజీ లోపలి తలుపుకీ ఒక సెన్సార్, పిల్లి ఎత్తుని వదిలేసి పైన మాత్రమే చూసేలా హాల్లో దాన్ని సర్దాం. గడ్డపార, గ్రైండర్ తాళం వేసిన అల్మారాలోకి వెళ్లాయి. సీరియల్ నంబర్ల ఫొటోలు ఇప్పుడు ఇంటి బయట ఉన్నాయి.

నా వర్క్ షీట్‌లో కూడా ఒక గడి పెరిగింది. 'యాంకర్ వేసి ఉందా, లేదా', దాని పక్కన కస్టమర్ సంతకం.

డ్రిల్ దింపుతుంటే మూడో రంధ్రం దగ్గర టైల్ ఒకటి అడ్డంగా పగిలింది. ఆపి ఆయన వైపు చూశాను. ఆయన వంగి ఆ పగులుని ఒకసారి వేలితో తడిమి, "కానివ్వండి" అన్నారు. నాలుగోది కూడా వేశాను.